ఎర్ఫుర్ట్‌లో మర్యాదగా కాదనడం

సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కు కాస్త అవతల, ఒక మిఠాయి దుకాణం మేడ మీద నేను జర్మన్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలావరకు నర్సులు. డ్యూటీ దిగి, యూనిఫామ్ బ్యాగులో కుక్కుకుని, బస్సులూ ఆటోలూ పట్టుకుని వస్తారు. భాష కాస్త వంటబట్టగానే జర్మనీలోని ఆస్పత్రులకూ వృద్ధాశ్రమాలకూ వెళ్లిపోతారు. పదేళ్లకు పైగా అలా పంపిస్తూనే ఉన్నాను. నా ప్రయాణం మాత్రం సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి, తర్వాతి స్టేషన్లో దిగడం వరకే.

పోయిన శరదృతువులో, విదేశాల్లో జర్మన్ నేర్పేవాళ్లకు జరిగే రెండు వారాల శిక్షణకు నన్ను ఎంపిక చేశారు. ఊరు ఎర్ఫుర్ట్. జర్మనీకి ఇంచుమించు నడిబొడ్డున ఉంటుంది. పెద్ద నగరమేమీ కాదు. పాత ఇళ్లు, ట్రాములు, ఎటు చూసినా చర్చి గోపురాలు. వెళ్లేటప్పుడు నా భయమంతా వ్యాకరణం గురించే. తీరా వెళ్లాక నన్ను ఇబ్బంది పెట్టింది వ్యాకరణం కాదు, నా నోట ఊరికే వచ్చే ‘అవును’.

పొద్దుటి రొట్టె

మేం హోటల్లో కాకుండా ఇళ్లలో ఉండాలని ఏర్పాటు. నాకు దొరికిన ఇల్లు ఫ్రావ్ హోఫ్‌మన్‌ది. ఫ్రావ్ అంటే మన ‘గారు’ లాంటిది, ఆడవాళ్ల పేరుకు ముందు వస్తుంది. డెబ్బై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చురుకైన కళ్లు. ఒకప్పుడు ఆ ఊరి ట్రాములు నడిపిందట. ఒంటరిగా ఉంటుంది గానీ ఆ ఇంట్లో దిగులు కనిపించదు. కిటికీ కింద వరసగా పూలకుండీలు, వంటింట్లో ఎప్పుడూ రేడియో.

మొదటిరోజు పొద్దున బల్ల మీద గుండ్రటి రొట్టెలు, వెన్న, జామ్, వాటి పక్కనే ఒక గిన్నెలో ఎర్రగా మెత్తగా ఏదో పెట్టింది. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు, మిరియాల పొడి. చూడ్డానికి టమాటా పచ్చడిలా ఉంది. “ఇది మా ఊరి ప్రత్యేకం, తింటారా?” అంది. సంతోషంగా తలూపాను. రొట్టె మీద మందంగా పూసి ఇచ్చింది. రెండు ముద్దలు తిన్నాక, చల్లగా ఉందేమిటా అని అనుమానమొచ్చి అడిగాను.

“పంది మాంసం. సన్నగా కొట్టింది. పచ్చిదే, వండరు. ఈ పొద్దుటే తెచ్చాను, తాజాది.”

మా ఇంట్లో కోడి, చేప, మేక మాంసం తింటాం. పంది మాంసం మాత్రం మా వంటింటి గడప ఎప్పుడూ తొక్కలేదు. పచ్చిది తినడమన్న మాటే వినలేదు. అయినా ఆవిడ ముఖంలో అంత ఆశ కనబడుతుంటే ఏమనగలను? “చాలా బాగుంది” అన్నాను. మిగతా రొట్టెను కాఫీతో మింగాను.

మర్నాడు మళ్లీ అదే గిన్నె, ఆ మర్నాడూ అదే. నా కోసం పొద్దున్నే లేచి మాంసం కొట్టుకి వెళ్లి వస్తోందని అప్పుడు తెలిసింది. ఇక తట్టుకోలేక, ఇది నాకు అలవాటు లేదండీ, నిజానికి తినలేకపోతున్నాను అని నసుగుతూ చెప్పాను.

ఆవిడ చేతిలోని చెంచా బల్ల మీద పెట్టేసింది. కోపమొచ్చిందనుకున్నాను. వచ్చిన మాట నిజమే, కానీ నేను అనుకున్నదాని గురించి కాదు.

“ఇష్టం లేకపోతే ఏమైంది? చాలామందికి ఉండదు. మా అమ్మాయీ తినదు. కానీ మీరు బాగుందన్నారు. నేను నమ్మాను. ఇప్పుడు మీరు నా దుప్పటి బాగుందన్నా, గది బాగుందన్నా నేను నమ్మాలా, వద్దా?”

మన ఇళ్లలో అతిథి వద్దంటే అది వద్దని కాదు, ఇంకోసారి అడగమని. వడ్డించేవాళ్లు ఆ మాట పట్టించుకోకుండా ఇంకో గరిటె వేస్తారు. ఈవిడ దగ్గర అతిథి అవునంటే అవునే. ఎదుటి మనిషి మాటను అక్షరాలా నమ్మడమే ఆవిడకు తెలిసిన మర్యాద.

ఆ గిన్నె మళ్లీ బల్ల మీదికి రాలేదు. దాని బదులు మర్నాటి నుంచి ఉడికించిన గుడ్డు వచ్చింది. “గట్టిగానా, మెత్తగానా?” అని అడిగింది. ఏదైనా ఫరవాలేదు అనబోయి, ఆవిడ చూపు చూసి “గట్టిగా” అన్నాను.

వంతెన మీది బజారు

మధ్యాహ్నాలు తరగతి అయ్యాక ఊరు తిరిగేదాన్ని. ఎర్ఫుర్ట్‌లో ఒక పాత వంతెన ఉంది. దాని మీద రెండు వైపులా ఇళ్లు, కింది అంతస్తుల్లో దుకాణాలు. నడిచేటప్పుడు వంతెన మీద ఉన్నామనే తెలియదు, ఏదో సందులో పోతున్నట్టుంటుంది. పక్కకు దిగి చూస్తే గానీ ఏరు కనబడదు. చాక్లెట్లు, చెక్క బొమ్మలు, నీలి రంగు అద్దకం బట్టలు అమ్ముతున్నారు. మన మోండా మార్కెట్లోలా పిలిచేవాళ్లు లేరు, ఎవరి దుకాణంలో వాళ్లు నిశ్శబ్దంగా కూర్చున్నారు. ధర చీటీ మీద ఉంటుంది, బేరం ఉండదు. ఒక నీలి బల్లగుడ్డ ధర చూసి, మన దగ్గర ఆ డబ్బుతో మంచి నేత చీరే వస్తుందనుకుని మడిచి పెట్టేశాను. కొట్టు ఆవిడ నొచ్చుకోలేదు. “ఖరీదే కదా?” అని తనే అని, నవ్వింది.

ఆ ఊళ్లో తిన్నవాటిలో నాకు నచ్చినవి బంగాళాదుంప ఉండలు. పచ్చి దుంప తురిమి, ఉడికిన దుంపతో కలిపి, పిడికిలంత ఉండ చేసి నీళ్లలో ఉడికిస్తారు. మధ్యలో వేయించిన రొట్టె ముక్కలు పెడతారు. పైన పులుసులా మాంసం రసం పోస్తారు. ఉప్పు తప్ప కారం ఊసే లేదు. నేను సీసాలో తీసుకెళ్లిన గోంగూర పచ్చడి నంచుకుని తింటుంటే, ఫ్రావ్ హోఫ్‌మన్ వేలితో కొంచెం నాలుకకు రాసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. “వాసన బాగుంది. రుచి మాత్రం నాకు యుద్ధంలా ఉంది” అంది. అప్పటికి ఆవిడ మాటలు అలవాటై, ఇద్దరం నవ్వుకున్నాం.

ట్రాములో తగువు

ఒకరోజు ట్రాములో నా ముందు సీట్లలో ఇద్దరు ముసలాయనలు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకాయన తోటలో టమాటా మొక్కలు ఇంకా పీకకూడదంటాడు. రెండో ఆయన చలి వచ్చేస్తోంది, పచ్చికాయలు కోసి ఇంట్లో పెట్టుకోవాలంటాడు. “లేదు, అది అలా కాదు.” “నువ్వన్నదాంట్లో కొంత నిజముంది, కానీ...” “నేను దాన్ని వేరేగా చూస్తాను.” మూడు స్టాపుల పాటు అదే. ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి. ఇక కొట్టుకుంటారేమో, డ్రైవర్‌ని పిలవాలేమో అని నేను లోలోపల హడలిపోతున్నాను.

నాలుగో స్టాపులో ఇద్దరూ లేచారు. టమాటాలు పీకకూడదన్నాయన రెండో ఆయన సంచి అందుకున్నాడు. మెట్టు దిగేటప్పుడు మోచెయ్యి పట్టుకున్నాడు. దిగాక కూడా అదే వాదన, అదే గొంతు, ఒకే గొడుగు కింద.

తరగతిలో మా శిక్షకుడు నేర్పింది కూడా అదే. ముందు ఎదుటి మాటలో నిజమున్నంత వరకు ఒప్పుకో. తర్వాత ‘కానీ’ అను. తర్వాత నీ మాట చెప్పు, దానికి కారణం చెప్పు. ‘కొంచెం’, ‘బహుశా’ లాంటి చిన్న మాటలు మధ్యలో దూది కుక్కినట్టు పెట్టు. మనిషిని కాదనకు, మాటను కాదను. ఇవన్నీ మా పుస్తకంలో ఉన్నవే, నేనూ చెబుతూ వచ్చినవే. పక్కన కూర్చున్న వియత్నాం టీచరు నా చెవిలో, “మా దగ్గర ‘కానీ’ వరకు వచ్చి ఆగిపోతాం” అంది. మా దగ్గర అంతవరకు కూడా రామని చెప్పాను.

గోథా

ఆదివారం రైలెక్కి గోథా వెళ్లాను. ఎర్ఫుర్ట్ నుంచి ఎంతో దూరం లేదు. అక్కడ ఒక వృద్ధాశ్రమంలో నా పాత విద్యార్థిని స్వరూప పనిచేస్తోంది. మౌలాలి అమ్మాయి. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేస్తాడు, ఉండేది రైల్వే కాలనీలోనే. ఆమె వచ్చి ఏడాది దాటింది. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి ఇచ్చిన సకినాల డబ్బా నా సంచిలో ఉంది.

స్టేషన్లో నన్ను చూడగానే కాళ్లకు మొక్కబోయి, చుట్టూ చూసి, సగంలో ఆగి నవ్వింది. ఊరి మధ్య గుట్ట మీద కోట ఉంది. దాని చుట్టూ తోటలో నడిచాం.

“మా మౌలాలి గుట్ట లెక్కనే ఉంది గదా మేడం? మీదికెక్కితే ఊరంత కనవడ్తది” అంది. సకినాల డబ్బా చేతికిచ్చాను. బెంచీ మీద కూర్చుని దాని మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

“ఏమైంది స్వరూపా?”

“మేడం, నాదే తప్పయింది. మా ఇన్‌ఛార్జి పిలిచి, వచ్చే నెల నుంచి మీది అంతస్తుకు పోతవా అని అడిగింది. మతి తప్పిన పెద్దమనుషులు ఉంటరు ఆడ. నేను సరేనన్న.”

“నీకు ఇష్టం లేదా?”

“వాళ్లతోని నాకేం తక్లీఫ్ లేదు మేడం. గానీ ఆడ షిఫ్టులు రోజుకో తీరు మారుతయి. నా క్లాసులు పోతయి. ఎండాకాలం రాకముందే పరీక్ష ఉంది. అది పాస్ గాకుంటే నన్ను నర్సుగ ఒప్పుకోరు, గిట్లనే హెల్పర్ లెక్క ఉండాలె. వీసా సుత దాని మీదనే ఉంది. ఆమె ‘నిజంగ సరేనా’ అని మళ్ల మళ్ల అడిగింది. అడిగినప్పుడల్ల ‘యా, గేర్న్’ అన్న.”

అంటే, అవును, సంతోషంగా అని. నేను నేర్పిన మాటే.

“రేపు కొత్త డ్యూటీ పట్టిక వేస్తరు. ఇయ్యాల ఆమె డ్యూటీల ఉంది. మీరే జెర చెప్పరాదుండ్రి మేడం. మీరు చెప్తే ఇంటది. నేను చెప్పబోతే నోరు లేస్తలేదు. ఎంత పరేషాన్ అయితున్ననో మా అమ్మకు సుత చెప్పలే.”

చెప్పేద్దామనే అనుకున్నాను. నాకది రెండు నిమిషాల పని. కానీ తర్వాత నెలలో ఇంకేదో వస్తుంది, అప్పుడు నేను సీతాఫల్‌మండిలో ఉంటాను. ఆ మాటే ఆమెతో అన్నాను. “నేను పక్కన కూర్చుంటాను. మాట్లాడేది నువ్వే.”

కోట చుట్టూ సాధన చేస్తూ ఇంకో రెండు చుట్లు నడిచాం. నేను ఇన్‌ఛార్జిని, తను తనే. మొదట్లో ప్రతిసారీ ‘కానీ’ దగ్గర ఆగిపోయింది. కుక్కను తిప్పుతున్న ఒకాయన, ఒకే వాక్యం మళ్లీ మళ్లీ అనుకుంటున్న మమ్మల్ని వింతగా చూసి పోయాడు.

సిబ్బంది వంటగది

ఇన్‌ఛార్జి పేరు ఫ్రావ్ బెకర్. పొడుగ్గా, ముక్కుసూటిగా ఉంది. మమ్మల్ని సిబ్బంది వంటగదిలో కూర్చోబెట్టి కాఫీ పోసింది. స్వరూప సకినాలు పెట్టింది. ఆవిడ ఒకటి కొరికి, “నువ్వులు బాగున్నాయి. నా పళ్లకు మాత్రం మరీ గట్టి” అని మిగతాది పళ్లెం అంచున పెట్టింది. స్వరూప నా వైపు చూసింది. ఆ చూపులో కాదనడం ఇంత తేలికా అన్న ఆశ్చర్యం ఉంది.

తర్వాత జర్మన్‌లో మొదలుపెట్టింది. “ఫ్రావ్ బెకర్, పై అంతస్తులో మనుషులు తక్కువున్నారని నాకు తెలుసు. మీరు నన్ను నమ్మి అడిగారు. కానీ...”

ఆగిపోయింది. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. స్వరూప కప్పును చేతుల మధ్య తిప్పుతోంది. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదైంది. మా ఇంట్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు అందుకుని మాట మార్చేవాళ్లు. నోరు తెరిచాను కూడా. ఫ్రావ్ బెకర్ నన్ను చూడకుండానే చెయ్యి కొంచెం పైకెత్తింది, ఆగమన్నట్టు.

“కానీ నేను దాన్ని కొంచెం వేరేగా చూస్తున్నాను” అంది స్వరూప. క్లాసుల గురించి చెప్పింది. పరీక్ష గురించి చెప్పింది. రెండు చోట్ల వ్యాకరణం తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అయిపోయిందనుకున్నాను. ఫ్రావ్ బెకర్ కప్పు కింద పెట్టి, “నేను అలా అనుకోవడం లేదు” అంది.

పైన ఇద్దరు సెలవులో ఉన్నారు. స్వరూప చేయి మెత్తన, ఓపిక ఎక్కువ, అక్కడి పెద్దవాళ్లకు అలాంటి మనిషే కావాలి. క్లాసులు సాయంత్రాలు కాకుండా కంప్యూటర్లో చూసుకోవచ్చు కదా అంది. అన్నీ న్యాయమైన మాటలే. నాకైతే అక్కడే సరే అనేయాలనిపించింది.

స్వరూప ముఖం పాలిపోయింది. కానీ తల వంచలేదు. “క్లాసులు కంప్యూటర్లో చూడొచ్చు, అది నిజం. కానీ నాకు ఎదురుగా మాట్లాడే సాధనే కావాలి. ఇప్పుడు మాట్లాడుతున్నట్టుగా. అది లేకపోవడం వల్లే ఆ రోజు మీకు సరే అన్నాను.”

ఫ్రావ్ బెకర్ ముందుకు వంగింది. “ఆ రోజే ఎందుకు చెప్పలేదు? నేను అన్నిసార్లు అడిగాను.”

“మా దగ్గర పెద్దవాళ్లు అంతగా అడిగితే, ఒప్పుకోమని అర్థం.”

“ఓహో” అంది ఆవిడ. “మా దగ్గర అంతగా అడిగితే, కాదనడానికి దారి ఇస్తున్నామని.”

పరీక్ష అయ్యేదాకా స్వరూప కింది అంతస్తులోనే ఉండేట్టు, నెలలో రెండు శని, ఆదివారాలు మాత్రం పైన చేసేట్టు తేలింది. రెండు కాదు, ఒకటి చేయగలనని స్వరూప అంది. ఆవిడ అది ఒప్పుకోలేదు. రెండే ఖాయమయ్యాయి. బయటకు రాగానే స్వరూప నా చెయ్యి పట్టుకుంది.

“రెండు గాదు, ఒకటే అని అడిగిన గదా మేడం, అది నేనే అడిగిన” అంది. ఓడిన మాట గురించే ఎక్కువ సంతోషం ఆమెకు.

రైలు కోసం

స్టేషన్లో నా రైలుకు ఇంకా టైముంది. నాకు గర్వంగా ఉంది. ఆ ఊపులో అన్నాను, “ఇంటికెళ్లాక కొత్త బ్యాచ్ మొదలవుతుంది. ఒకరోజు వీడియోలో వాళ్లతో మాట్లాడు స్వరూపా. ఇక్కడ అంతా బాగుందనీ, భయపడాల్సిందేమీ లేదనీ చెప్పు. నా మాట కన్నా నీ మాట వింటారు.”

ఆమె పట్టాల వైపు చూసింది.

“మేడం, మీరు చెప్పేది సమజైంది. పిల్లలకు ధైర్యం గావాలె. గానీ నేను అట్ల అనుకుంటలే. అంత బాగుందని నేను చెప్పలేను.”

“అంటే?”

“పోయిన చలికాలం నాలుగింటికే చీకటయ్యేది. డ్యూటీ అయినంక రూముల తెలుగు మాట లేదు. మా ఇంట్ల రైలు సప్పుడు లేనిది నిద్ర రాదు మేడం. అందుకే ఈడికొచ్చి ఈ బెంచి మీద కూసునేదాన్ని. ఎటూ పోకపోయేదాన్ని. బండ్లు వచ్చిపొయ్యేది చూసి రూముకు పోయేదాన్ని. జీతం మంచిగనే ఉంది, ఈ ముసలోళ్లు నన్ను మంచిగ చూస్తరు, అది సుత చెప్త. గానీ ఇది సుత చెప్త. రెండు చెప్పనిస్తె మాట్లాడ్త. లేకుంటే వద్దు.”

నాకు గుచ్చుకుంది. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నావా అని అడిగేదాన్ని, బాగున్న మేడం అనేది, అక్కడితో సరి. ఏదో అని కప్పేయబోయాను. రైలు వచ్చింది. ఎక్కే ముందు, “రెండూ చెప్పు” అన్నాను.

ఆఖరి వారం తరగతులతోనే గడిచింది. బయల్దేరే పొద్దున ఫ్రావ్ హోఫ్‌మన్ ట్రాము స్టాపు దాకా వచ్చింది. మళ్లీ రమ్మంది. తప్పకుండా వస్తానని అలవాటుగా అనబోయి, రావాలని ఉంది గానీ రాగలనో లేదో తెలియదని చెప్పాను. ఆవిడ నా భుజం తట్టింది.

సికింద్రాబాద్

దిగగానే ఎండ, హారన్లు, ఇరానీ చాయ్. ఆటో అబ్బాయితో బేరమాడుతుంటే నాలుక తిరిగి చోటుకొచ్చినట్టు అనిపించింది.

కొత్త బ్యాచ్ మొదలైన రెండో వారం స్వరూప వీడియోలో మాట్లాడింది. జీతం గురించి, ముసలివాళ్ల గురించి, ఫ్రావ్ బెకర్ గురించి చెప్పింది. చీకటి గురించి, స్టేషన్లో బెంచీ గురించి కూడా చెప్పింది. పిల్లలు చాలాసేపు ప్రశ్నలడిగారు. మర్నాటి నుంచి ఒక అమ్మాయి రావడం మానేసింది. తార్నాకలో ఏదో ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరిందని తెలిసింది. మిగతావాళ్లు మానలేదు.

మా సెంటర్ నడిపేది రాజేందర్ గారు. మంచి మనిషే, గొంతు పెద్దది. తన గదికి పిలిచారు.

“ఏంది మేడం గిది? పిల్లలకు ధైర్యం చెప్పిస్తరనుకుంటే బెదరగొట్టిస్తరా? గిట్లయితే బ్యాచులు నిండుతయా? ఇంకోసారి ఆ అమ్మాయితోని మాట్లాడించొద్దు.”

ఆయన నాకన్నా పెద్దవారు. ఇన్నేళ్లలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది లేదు.

“మీరన్నది అర్థమైంది సార్. బ్యాచ్ నిండకపోతే సెంటర్ నడవదు, అది నిజమే. కానీ నాకు అలా అనిపించడం లేదు. అక్కడికెళ్లి బెంబేలెత్తి తిరిగొచ్చే కన్నా, ఇక్కడే తెలుసుకుని ఆగిపోవడం మేలు. వెళ్లేవాళ్లు కూడా గట్టిపడి వెళ్తారు. ప్రతి బ్యాచ్‌తోనూ స్వరూపతో మాట్లాడించాలని నా ఉద్దేశం.”

పైన ఫ్యాను తిరుగుతోంది. కింద మిఠాయి దుకాణంలో ఎవరో జిలేబీ ఎంతని అడుగుతున్నారు. పోనీలెండి సార్ అనే మాట నా నాలుక చివరికొచ్చింది. మింగేశాను.

“చూద్దాం మేడం” అన్నారు ఆఖరికి, కాగితాలు సర్దుకుంటూ.

లేవబోయిన దాన్ని మళ్లీ కూర్చున్నాను. “చూద్దాం అంటే అవునా సార్, కాదా?”

రాజేందర్ గారు తలెత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. తర్వాత పెద్దగా నిట్టూర్చారు. “అవును మేడం, అవును. గానీ జెర తిండి గురించి సుత నాలుగు మంచి ముచ్చట్లు చెప్పమనుండ్రి.”

“అడుగుతాను సార్. ఆమె ఏమంటుందో మాత్రం నా చేతిలో లేదు” అన్నాను.